యూజర్ క్యాల్స్ కొన్నాక కూడా రిమోట్ డెస్క్‌టాప్ ఎందుకు ఆగింది?

గుంటూరు_అకౌంట్స్:
అందరికీ నమస్కారం. మాది ఆడిట్ ఆఫీసు. మనుషులం పద్నాలుగు మంది, ఆఫీసులో కంప్యూటర్లు పదకొండు. విండోస్ సర్వర్ 2022 స్టాండర్డ్ వేయించాం. టాలీ సర్వర్ మీదే ఉంది, అందరూ తమ కంప్యూటర్ నుంచే సర్వర్ తెర తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్‌లో చేస్తారు. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఇవాళ 20వ తారీఖు, జీఎస్టీ త్రీబీ రిటర్నులకి ఆఖరి రోజు. పొద్దున్నే ఒక్కరికీ లాగిన్ అవ్వడం లేదు. రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్స్ సర్వర్ లేదని మెసేజ్ వస్తోంది. బిల్లులో పది యూజర్ క్యాల్స్ (సర్వర్ వాడుకోవడానికి మనిషి లెక్కన కొనే లైసెన్సులు) ఉన్నాయి మరి. ఇంకేం కొనాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

ర్యాక్_రూమ్:
మీ గ్రేస్ పీరియడ్ అయిపోయిందండీ. సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ రోల్ (ఆ సదుపాయం) వేశాక 120 రోజులు లైసెన్స్ లేకుండానే నడుస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. మీ బిల్లులో ఉన్నవి సర్వర్ క్యాల్స్. సర్వర్‌లోని ఫైళ్లు, ప్రింటర్, లాగిన్ వాడుకోవడానికి అవి. సర్వర్ మీదే కూర్చున్నట్టు పని చేయాలంటే ఒక్కొక్కరికీ ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) క్యాల్ కూడా ఉండాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకండి, రెండూ కావాల్సిందే.

అడ్మిన్ కోసం రెండు కనెక్షన్లు ఎప్పుడూ ఉంటాయి, వాటితో లోపలికి వెళ్లి సెట్టింగులు చూసుకోండి. టాలీ పనికి మాత్రం వాటిని వాడకూడదు. ఇంకో మాట, మీకు డొమైన్ ఉందా, అంటే అందరి లాగిన్లూ ఒకే సర్వర్ నుంచి నడుస్తాయా? అలా కాకుండా ఏ మెషీన్ లాగిన్ దానిదే అయిన వర్క్‌గ్రూప్ అయితే, లైసెన్స్‌ని మనిషి లెక్కన చూసే యూజర్ మోడ్ పెట్టకండి. సర్వర్ 2019 వెర్షన్ నుంచి గంటకోసారి సెషన్ తెగిపోతుంది. అక్కడ మెషీన్ లెక్కన చూసే డివైస్ మోడే.

గుంటూరు_అకౌంట్స్:
డొమైన్ ఉంది సార్. పది క్యాల్స్ సరిపోతాయన్నారు అమ్మినాయన. రిమోట్ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ల్యాబ్_మేనేజర్:
కొనేముందు మనుషుల్ని, మెషీన్లని విడివిడిగా కాగితం మీద రాయండి సార్. మా డయాగ్నస్టిక్ సెంటర్‌లో మూడు షిఫ్టులు, స్టాఫ్ పదిహేడు మంది, కంప్యూటర్లు ఆరే. మొదట పదిహేడు యూజర్ క్యాల్స్‌కి కొటేషన్ వచ్చింది. ఆరు డివైస్ క్యాల్స్ తీసుకుంటే ఆ ఆరింటి మీద ఎంతమంది మారినా ఫర్వాలేదు కదా! ఇద్దరు డాక్టర్లు మాత్రం ఇంట్లో ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో రిపోర్టులు చూస్తారు. వాళ్లకి రెండు యూజర్ క్యాల్స్ తీసుకున్నాం. సర్వర్ క్యాల్స్‌లో అలా కలిపి కొనుక్కోవచ్చు.

మిర్యాలగూడ_మిల్లు:
నాదో సందేహం. ముగ్గురం ఒకే లాగిన్ వాడితే ఒక్క క్యాల్ చాలదా? సర్వర్ ఎప్పుడూ ఏమీ అనలేదు.

ర్యాక్_రూమ్:
చాలదు అన్నా. సర్వర్ క్యాల్‌కి కీ కొట్టే పని ఉండదు, అందుకే సర్వర్ ఏమీ అనదు. కానీ లెక్క లాగిన్లది కాదు, మనుషులది. మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ పెట్టి అందరినీ దాని గుండా పంపినా సంఖ్య తగ్గదు. రేపు లైసెన్స్ ఆడిట్ వస్తే చూపించాల్సింది మీ దగ్గరున్న కాగితాలే, వాటిని జాగ్రత్తగా పెట్టుకోండి. మీకు ఫైళ్లు పంచుకోవడం వరకే అయితే విండోస్ సర్వర్‌లోనే ఎసెన్షియల్స్ ఎడిషన్ చూడండి. 25 మంది, 50 మెషీన్ల వరకు దానికి సర్వర్ క్యాల్స్ అక్కర్లేదు.

వెర్షన్ కూడా చూసుకోవాలి. 2022 క్యాల్ పాత 2019 సర్వర్‌కి పనికొస్తుంది, 2025 సర్వర్‌కి పనికిరాదు. ఒకే ఆఫీసులో రెండు సర్వర్లు ఉన్నా మనిషికి ఒక్క యూజర్ క్యాల్ చాలు, ఒక్కో సర్వర్‌కి విడిగా కొనిపించేవాళ్లని నేను చూశాను.

గుంటూరు_అకౌంట్స్:
ల్యాబ్ మేనేజర్ మేడమ్ చెప్పినట్టే కాగితం మీద రాశాను. ఆఫీసు మెషీన్లు పదకొండే అయినా, రాత్రిపూట ఐదుగురు సొంత ల్యాప్‌టాప్‌లలో చేస్తారు. డివైస్‌గా లెక్కేస్తే పదహారు, యూజర్‌గా పద్నాలుగు. ఆర్టికల్స్ పిల్లలు (సీఏ ట్రైనింగ్‌కి వచ్చేవాళ్లు) మారుతుంటారు గానీ, వెళ్లినవాళ్ల క్యాల్ వచ్చినవాళ్లకి ఇవ్వొచ్చట. అందుకని యూజరే తీసుకున్నాం. సర్వర్ క్యాల్స్ ఇంకో నాలుగు, ఆర్‌డీఎస్ పద్నాలుగు.

సాయంత్రం లైసెన్స్ సర్వర్ యాక్టివేట్ చేసి, మోడ్ యూజర్‌కి పెట్టాక ఆరున్నరకి అందరూ లోపలికి వెళ్లారు. రాత్రి పదకొండింటికి చివరి రిటర్ను వేశాం. ఈసారి బిల్లులో సర్వర్ క్యాల్ ఒక లైను, ఆర్‌డీఎస్ క్యాల్ ఇంకో లైను, వెర్షన్‌తో సహా విడిగా రాయించుకున్నాను.