1972 అంబాసిడరా, థార్ ఫోర్ బై ఫోరా? వాడినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. ఇంట్లో ఒక్క బండికే చోటుంది. వారంలో ఐదు రోజులు మియాపూర్ నుంచి సికింద్రాబాద్, అప్పుడప్పుడు అనంతగిరి కొండలు.

అంబాసిడర్ మార్క్ 2, 1489 సీసీ పెట్రోలు. పాయింట్ల గ్యాప్ (స్పార్క్ కాంటాక్టుల మధ్య సందు), ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌ల దగ్గరి సందు) రెండూ 0.38 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకుంటే చాలు, ఆ పని ఇంట్లోనే అయిపోతుంది. నా భయమంతా పెట్రోలు మీదే. సీసం కలిపిన పెట్రోలు రోజుల ఇంజన్ ఇది. ఇప్పటి పెట్రోలుతో ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచులు) లోపలికి అరిగి ట్యాపెట్ గ్యాప్ తగ్గిపోతుంది, చివరికి వాల్వ్ కాలుతుంది. పైగా 20 శాతం ఇథనాల్‌కు పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ పాడవుతాయి. ఇంజన్ హెడ్ విప్పించి గట్టి వాల్వ్ సీట్లు వేయించినవాళ్లున్నారా? ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్ సెట్లు, బ్రేకుల వీల్ సిలిండర్ కిట్లు రాణిగంజ్, పుత్లీబౌలిలో దొరుకుతున్నాయా? మే ఎండలో, ట్రాఫిక్‌లో వేపర్ లాక్ (వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరై ఇంజన్‌కు అందకపోవడం) రాకుండా పెట్రోలు పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పితే సరిపోతుందా, ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టాలా?

థార్‌కు 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 650 మిల్లీమీటర్ల నీళ్లలో వెళ్లగల సత్తా ఉన్నాయి. మన వానలకు అది చిన్న విషయం కాదు. కానీ ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేదు. పొడి తారు మీద ఫోర్ హైలో (లివర్‌తో నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చే మామూలు వేగపు గేరులో) మలుపు తిప్పితే గేర్లు బిగుసుకుంటాయి. మరి నగరంలో ఆ లివర్ ఎన్నిసార్లు వాడుతున్నారు?

ఇంకొకటి: 50 ఏళ్లు దాటిన బండికి వీఏ నంబరు (వింటేజ్ బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్) తీసుకుంటే రోజూ తిప్పకూడదు. అందుకే మామూలు రిజిస్ట్రేషనే పొడిగించాలి. ఫిట్‌నెస్ పరీక్షలో ఇలాంటి బండిని ఎక్కువగా దేనికి ఆపుతున్నారు: బ్రేకులకా, పొగకా?