మార్చిన ఆకాశం కింద "ఆ క్షణం" కథ రాయొచ్చా?

ముక్కాలి:
ఈ మధ్య మన ఫొటోల ఫోరంలో అందరూ మెచ్చుకున్న ఫొటో ఒకటుంది. ముందు తడి రాళ్లు, చెరువు, అవతల కొండ, కొండ వెనక అప్పుడే మునిగిన సూర్యుడి ఎరుపు, సరిగ్గా దాని పైనే పెద్ద నిండు చంద్రుడు. కింద "చలిలో ఒక్కడినే నిలబడి చూశాను. కొండ వెనక నుంచి చంద్రుడు మెల్లగా పైకొచ్చాడు. ఒళ్లు జలదరించింది" అని రాశారు.

నిండు చంద్రుడు ఉదయించేది సూర్యుడు అస్తమించే దిక్కుకు ఎదురు దిక్కున. ఇద్దరూ ఒకే కొండ మీద కనిపించరు. నీళ్లలో చూడండి, ఎరుపు ఉంది, కొండ నీడ ఉంది, చంద్రుడు లేడు. ఆకాశం మార్చుకుంటే మార్చుకోండి, ఎవరి ఇష్టం వారిది. జరగని క్షణాన్ని జరిగినట్టు రాయొచ్చా అన్నదే నా ప్రశ్న.

గడ్డిపూవు:
చూడగానే మనసుకు హాయిగా అనిపించింది. నాకు అది చాలండీ.

నీలిమబ్బు:
ఆ ఫొటో నాదే. చంద్రుణ్ని నేనే పెట్టాను, దాచాల్సిన పనేమీ లేదు. ఇదేదో ఇప్పుడు కొత్తగా పుట్టిన పాపంలా మాట్లాడుతున్నారు. 1850లలోనే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్టావ్ లే గ్రే సముద్రం ఒక నెగటివ్‌లో, ఆకాశం ఇంకో నెగటివ్‌లో తీసి రెండూ కలిపి ప్రింట్ వేశాడు. అప్పట్లో ఫిల్మ్ బదులు వాడిన కొలోడియన్ పూత గాజు ప్లేట్లు నీలి కాంతిని అతిగా పట్టేసేవి, సముద్రానికి సరిపడా ఎక్స్‌పోజర్ (ప్లేటు మీద పడే వెలుగు) ఇస్తే ఆకాశం తెల్లగా మాడిపోయేది. అందుకే ఆ పని చేశాడు. ఆ ప్రింట్లు ఈరోజు మ్యూజియంలలో ఉన్నాయి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కూడా న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం ఫొటోని తర్వాత తర్వాత ప్రింట్ వేసినప్పుడల్లా ఆకాశాన్ని ఇంకా నల్లగా చేస్తూ పోయాడు. 2020లో ఫొటోషాప్‌లో ఒక్క నొక్కుతో ఆకాశం మారే సౌకర్యం వచ్చేసరికి అందరికీ నీతి గుర్తొచ్చిందా?

రా_ఫైలు:
చంద్రుడు అంత పెద్దగా రావడం అసాధ్యమేమీ కాదు. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద రాసి ఉండే ఎంఎం అంకె) 110తో భాగిస్తే కెమెరాలో బొమ్మ పడే సెన్సర్ మీద చంద్రుడు ఎన్ని మిల్లీమీటర్లు పడతాడో దాదాపుగా తెలుస్తుంది. 400 ఎంఎం లెన్స్‌తో మూడున్నర మిల్లీమీటర్లు దాటుతాడు. తక్కువేం కాదు.

ముక్కాలి:
రా_ఫైలు గారూ, ఫ్రేమ్ అడుగున కాళ్ల దగ్గరి రాళ్లున్నాయి. అది ఎక్కువ దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్స్. 24 ఎంఎంతో చంద్రుడు సెన్సర్ మీద పావు మిల్లీమీటరు కూడా ఉండడు. ఇక్కడ ఫ్రేమ్ ఎత్తులో నాలుగో వంతు ఉన్నాడు.

నీలిమబ్బు గారూ, ఆడమ్స్ పేరు మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. ఆ సాయంత్రం ఆయనకు వెలుగు కొలిచే లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి వెలుగు ఎంతో గుర్తుంది కాబట్టి దాన్నిబట్టి ఎక్స్‌పోజర్ లెక్కకట్టాడు. రెండో ప్లేటు తీసేలోపే ఆ ఊరి సమాధుల శిలువల మీద నుంచి ఎండ పోయింది. ఏ సంవత్సరంలో తీశాడో తర్వాత ఆయనకే సరిగ్గా గుర్తులేదు. ఖగోళ శాస్త్రం తెలిసినవాళ్లు ఫొటోలో చంద్రుడున్న చోటును లెక్కగట్టి 1941 నవంబర్ 1 అని తేల్చారు. ఆకాశం ఎంత నల్లబడినా చంద్రుడు అక్కడున్న మాట నిజం. మీ ఫొటో పట్టుకుని ఏ తేదీ తేలుస్తారు?

పాతలెన్స్:
నా గోడు కూడా వినండి. ఒక పోటీకి పొగమంచు లోయ ఫొటో పంపాను. బహుమతి పొందిన ఫొటోలో ఎగిరే పక్షుల గుంపును అంతకుముందే వేరేవాళ్ల ఫొటోలో చూశాను, రెక్కలు కూడా అచ్చం అలాగే ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి నిర్వాహకులకు రాశాను. జవాబే లేదు. బ్రిటన్‌లో 2012 ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో మార్పులు బయటపడ్డాక విజేతకిచ్చిన బహుమతిని వెనక్కి తీసుకున్నారు. మాకు ఆపాటి న్యాయం కూడా జరగలేదు. నీలిమబ్బు గారూ, మీలాంటి వాళ్ల వల్ల నిజంగా తీసినవాళ్లకు విలువ లేకుండా పోతోంది.

నీలిమబ్బు:
మీలాంటి వాళ్లు అంటే ఎవరండీ? నేను ఏ పోటీకీ పంపలేదు. ఎవరి బహుమతీ లాక్కోలేదు.

పాతలెన్స్:
ఓపిక లేనివాళ్లు. వెలుగు కోసం గంటల తరబడి నిలబడలేనివాళ్లు.

నీలిమబ్బు:
ఓపిక గురించి నాకు చెప్పకండి. మా అమ్మ మంచం పట్టి చాలా కాలమైంది. పొద్దున, సాయంత్రం నేను పక్కన లేకపోతే కుదరదు. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి కూర్చుంటేనే కెమెరా తీసుకుని బయటపడతాను. ఆ వేళకు ఆకాశం ఎలా ఉంటుందో మీకందరికీ తెలుసు. తెల్లగా, చప్పగా. మీరు "గోల్డెన్ అవర్‌లో, పొద్దు పొడిచే, పొద్దు గుంకే వేళ తీయండి" అని తేలిగ్గా సలహా ఇస్తారు. నాకు ఆ అవర్ లేదు. ఉన్నవాళ్లు లేనివాళ్లను ఓపిక లేదంటుంటే ఒళ్లు మండుతోంది.

గడ్డిపూవు:
అయ్యో. అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?

రా_ఫైలు:
సెన్సర్ ఎత్తు 24 మిల్లీమీటర్లనుకుంటే నాలుగో వంతు అంటే ఆరు మిల్లీమీటర్లు. 660 ఎంఎం లెన్స్‌తో విడిగా తీసి కలిపితే సాధ్యమేనని మాత్రం అంటున్నాను.

ముక్కాలి:
నీలిమబ్బు గారూ, అమ్మగారి సంగతి తెలియదు. ఓపిక మాట నేను అనలేదు, ఆ మాట నాకూ నచ్చలేదు. కానీ నా బాధా వినండి. నేను వెళ్తాను, కూర్చుంటాను, చాలాసార్లు మబ్బు పట్టిన ఆకాశంతోనే తిరిగొస్తాను. అదే పెడతాను, ఇలా మబ్బే వచ్చింది అని రాస్తాను. ఎవరూ ఆగి చూడరు. మీ ఫొటో చూసిన కొత్త కుర్రాడొకడు ఆ చెరువు దగ్గర చంద్రుడు కొండ మీదికి ఏ రోజున వస్తాడని నన్ను అడిగాడు. ఏం చెప్పను? మధ్యాహ్నపు తెల్లటి ఆకాశమే పెట్టి, ఇప్పుడు చెప్పిన ఈ మాటలే కింద రాయండి. నేను మొదట చదువుతాను.

నీలిమబ్బు:
రాస్తే ఏమవుతుందో తెలుసు. ఫొటో ఎవరూ చూడరు, జాలి పడతారు. పైన గడ్డిపూవు గారు అప్పుడే అమ్మ ఆరోగ్యం అడిగారు, ఆవిడ మంచి మనసుతోనే అడిగారు. కానీ రోజంతా నేను వినేది ఆ ప్రశ్నే. ఫొటో దగ్గరైనా నేను అలసిపోయిన మనిషిలా కనిపించకూడదు. ఆ సాయంత్రం నాకు కావాలి, దొరకలేదు, చేసుకున్నాను.

పాతలెన్స్:
కష్టం అందరికీ ఉంటుంది. చేసుకున్నది చేసుకున్నానని రాయాలి.

ముక్కాలి:
జాలి వద్దంటే అర్థమైంది, ఇక ఆ మాట ఎత్తను. అయితే కథే వద్దు, ఫొటో ఒక్కటే పెట్టండి. "నిలబడి చూశాను" అన్న వాక్యం తీసేయండి, నాకు పేచీ లేదు.

నీలిమబ్బు:
చంద్రుడు పైకొచ్చాడన్న వాక్యం తీసేస్తాను, ఆ కుర్రాడి కోసం. నిలబడ్డానన్నది మాత్రం ఉంచుతాను. ఆ రాళ్ల మీద నేను నిలబడ్డాను.