162 మ్యాచ్‌ల సీజన్‌కూ అక్టోబరు ప్లేఆఫ్‌కూ పొంతన కుదిర్చేదెలా?

ప్రశ్న: అర్లింగ్టన్ పొరుగువాడు

డల్లాస్ ప్రాంతంలో స్థిరపడి పన్నెండేళ్లయింది. క్రికెట్‌తో పెరిగిన నాకు బేస్‌బాల్ ఒంటబట్టడానికి రెండు సీజన్లు పట్టింది గానీ, ఇప్పుడు ఏటా పది సార్లయినా టెక్సాస్ రేంజర్స్ మైదానానికి వెళ్తుంటాను. గత ఆగస్టులో ఒక మంగళవారం రాత్రి, ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనం లేచి ఒళ్లు విరుచుకునే వేళకు, మా వరుసలో నేనూ మా పదేళ్ల అబ్బాయీ తప్ప ఎవరూ మిగల్లేదు. వాడు వేరుశనగ తొక్కలను కాలితో ఒక కుప్పగా చేరుస్తూ, "నాన్నా, ఇవాళ ఓడిపోతే ఏమవుతుంది?" అని అడిగాడు. "ఏమీ కాదురా, ఇంకా నలభై ఉన్నాయి" అన్నాను. అన్న తర్వాత నాకే ఆ జవాబు నచ్చలేదు.

నా ఇబ్బందికి రెండో కొస అక్టోబరులో ఉంది. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడాక, 2022 నుంచి పన్నెండు జట్లు ప్లేఆఫ్‌కు, అంటే వరల్డ్ సిరీస్ అనే ఫైనల్‌కు దారితీసే నాకౌట్ దశకు వెళ్తున్నాయి. 2023లో 104 మ్యాచ్‌లు గెలిచిన అట్లాంటా బ్రేవ్స్, 101 గెలిచిన బాల్టిమోర్ ఓరియోల్స్, 100 గెలిచిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ముగ్గురూ ప్లేఆఫ్ రెండో రౌండైన ఐదు మ్యాచ్‌ల డివిజన్ సిరీస్‌లోనే ఇంటిదారి పట్టారు. చివరకు వరల్డ్ సిరీస్ ఆడినవి 90 గెలిచిన రేంజర్స్, 84 గెలిచిన అరిజోనా డైమండ్‌బ్యాక్స్. ఆరు నెలల పాటు కూర్చిన పట్టికను ఒక్క వారం తుడిచిపెట్టగలిగితే, ఆగస్టులో ప్రేక్షకుడు మైదానానికి ఎందుకు రావాలి?

మ్యాచ్ సాగతీత గురించి నేను అడగడం లేదు. బంతి విసరడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక సగటు మ్యాచ్ మూడు గంటల నాలుగు నిమిషాల నుంచి రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది, ఆ గొడవ చాలావరకు తీరినట్టే. సీజన్ నిడివినీ ప్లేఆఫ్ అమరికనూ మార్చే అధికారం మీ చేతికిస్తే ఏం చేస్తారో కారణాలతో సహా చెప్పగలరు.

సమాధానం 1: పాత స్కోరుకార్డు

మీ అబ్బాయి ప్రశ్నకు 1968 దాకా జవాబు వేరుగా ఉండేది. అప్పట్లో అమెరికన్, నేషనల్ అనే రెండు లీగ్‌లలో ఒక్కోదాంట్లో మొదటి స్థానంలో నిలిచిన జట్టు నేరుగా వరల్డ్ సిరీస్‌కు వెళ్లేది, మిగిలినవన్నీ ఇంటికి. 1969లో లీగ్‌లను రెండేసి డివిజన్లుగా చీల్చారు. 1994లో వాటిని మూడు చేసి, డివిజన్ గెలవని జట్లలో మెరుగైనదానికి దక్కే వైల్డ్ కార్డ్ స్థానం పెట్టారు. ఆ ఏడాది సమ్మె వల్ల వరల్డ్ సిరీసే రద్దవడంతో అది 1995లో గానీ ఆచరణలోకి రాలేదు. 2012లో ప్రతి లీగ్‌కూ రెండో వైల్డ్ కార్డ్, 2022లో మూడోది వచ్చి చేరాయి. తలుపు వెడల్పు చేసిన ప్రతిసారీ సెప్టెంబరులో ఆశ మిగిలిన జట్లు పెరిగాయి, మొదటి స్థానం విలువ తగ్గింది. ఒకదాన్ని పెంచుతూ రెండోదాన్ని కాపాడుకునే మార్గం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

1993లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 103 మ్యాచ్‌లు గెలిచి కూడా ప్లేఆఫ్‌కు వెళ్లలేకపోయింది, ఎందుకంటే అదే డివిజన్‌లో బ్రేవ్స్ 104 గెలిచింది. అన్యాయమే, కానీ ఆ ఏడాది ఏప్రిల్‌లో ఓడిన మ్యాచ్‌కు కూడా విలువ ఉంది. ఇక 2011 సెప్టెంబరు 28 రాత్రి సంగతి చూడండి. చివరి రోజున బాస్టన్ రెడ్ సాక్స్ 90 విజయాల దగ్గర, బ్రేవ్స్ 89 దగ్గర ఆగిపోగా, టాంపా బే రేస్ 91తో, సెయింట్ లూయిస్ కార్డినల్స్ 90తో లోపలికి దూరాయి. ఆ కార్డినల్సే చివరకు వరల్డ్ సిరీస్ గెలిచింది. నేటి నిబంధనలతో లెక్కిస్తే ఆ నాలుగు జట్లూ సునాయాసంగా ప్లేఆఫ్‌లో ఉండేవి, అంటే నేను టీవీ ముందు నుంచి కదలకుండా గడిపిన ఆ రాత్రి అసలు ఉండేదే కాదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. సీజన్‌ను రెండు భాగాలు చేసి, ఒక్కో భాగపు విజేతను ప్లేఆఫ్‌కు పంపాలన్న ఆలోచన మళ్లీ మళ్లీ వినిపిస్తుంటుంది. 1981లో సమ్మె మధ్యలో వచ్చిపడటంతో సరిగ్గా అదే చేశారు. మొత్తం సీజన్‌లో అందరికంటే మెరుగ్గా 66 గెలిచి 42 ఓడిన సిన్సినాటి రెడ్స్ ఏ భాగంలోనూ మొదటి స్థానం దక్కక బయటే ఉండిపోయింది. మొదటి భాగం గెలిచి నిశ్చింతగా కూర్చున్న న్యూయార్క్ యాంకీస్, ఫిలడెల్ఫియా ఫిలీస్ రెండో భాగంలో సగం మ్యాచ్‌లు కూడా గెలవలేదు. మీరు వెతుకుతున్న ఆసక్తి అటువైపు దొరకదు.

సమాధానం 2: యొకొహామా నుంచి

జపాన్ పద్ధతిని ఇక్కడ ప్రస్తావించడం సందర్భోచితం అనుకుంటున్నాను. ఇక్కడ ఒక్కో లీగ్‌లో ఆరు జట్లు, సీజన్‌కు 143 మ్యాచ్‌లు. మొదటి మూడు స్థానాల వారికి క్లైమాక్స్ సిరీస్ ఉంటుంది. రెండు, మూడు స్థానాల జట్లు ముందుగా తలపడతాయి. గెలిచినది లీగ్ విజేత మైదానంలోనే అన్ని మ్యాచ్‌లూ ఆడాలి. అంతేకాదు, లీగ్ విజేత ఖాతాలో సిరీస్ మొదలవకముందే ఒక విజయం జమై ఉంటుంది. నాలుగు విజయాలు కావలసిన చోట వారికి మూడు చాలు.

దీనివల్ల అద్భుతాలు ఆగిపోతాయని భయపడనక్కరలేదు. 2024లో మా ఊరి డీఎన్ఏ బేస్టార్స్ 71 గెలిచి 69 ఓడి మూడో స్థానంలో నిలిచింది. అయినా లీగ్ విజేత యొమియురి జెయింట్స్‌ను వారి మైదానంలో, ఆ అదనపు విజయం ఉండగానే ఓడించి, ఆపై ఫైనల్లో రెండో లీగ్ నుంచి వచ్చిన, 91 మ్యాచ్‌లు గెలిచిన సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్‌ను పడగొట్టి, 1998 తర్వాత మొదటిసారి జపాన్ సిరీస్ గెలుచుకుంది. ఆ జట్టు దొడ్డిదారిన వచ్చిందని ఇక్కడ గొణిగిన వాళ్లు లేకపోలేదు, కానీ ఎదురుగా పెట్టిన గోడ ఎంత ఎత్తో అందరికీ ముందే తెలుసు కాబట్టి ఆ గొణుగుడు ఎక్కువ రోజులు నిలవలేదు.

కొరియాలో మరీ నిచ్చెన మెట్లే. పది జట్లలో ఐదు ప్లేఆఫ్‌కు వెళ్తాయి, మొదటి స్థానం వారు నేరుగా ఫైనలైన కొరియన్ సిరీస్‌లో కూర్చుంటారు, మిగిలినవారు ఒక్కో మెట్టూ ఎక్కి రావాలి.

సమాధానం 3: ఉప్పల్ గ్యాలరీ

బేస్‌బాల్ నాకు అంతంతమాత్రమే గానీ, మనకు తెలిసిన ఐపీఎల్ ప్లేఆఫ్‌లోనూ ఇదే సూత్రం ఉంది కదా. 2024లో సన్‌రైజర్స్ హైదరాబాద్ పట్టికలో రెండో స్థానంలో ఉంది కాబట్టే అహ్మదాబాద్‌లో కోల్‌కతా చేతిలో ఓడినా చెన్నైలో రాజస్థాన్‌తో ఆడే రెండో అవకాశం దొరికింది, ఫైనల్‌కు వెళ్లింది. (ఫైనల్లో 113కే ఆలౌటైన సంగతి ఇక్కడ వద్దు.) అదే జట్టు 2016లో మూడో స్థానం నుంచి మూడు నాకౌట్లూ వరుసగా గెలిచి కప్పు తెచ్చింది. అందుకే లీగ్ దశ చివరి వారంలో రెండో స్థానం కోసం మేము నెట్ రన్ రేట్ లెక్కలు కట్టుకుంటూ కూర్చుంటాం. పద్నాలుగు మ్యాచ్‌ల లీగ్‌కు నప్పిన ఈ పద్ధతి, ఒక్కో జోడీ ఏడేసి మ్యాచ్‌లు ఆడే చోట రోజులు సరిపోక కుదరకపోవచ్చు.

సమాధానం 4: లెక్కల మాస్టారు

ఉప్పల్ వారి అనుమానం సబబే. బేస్‌బాల్‌లో రెండో అవకాశం కంటే యొకొహామా వారు చెప్పిన ముందస్తు విజయమే మేలని లెక్క కూడా చెబుతుంది. 100 మ్యాచ్‌లు గెలిచిన గొప్ప జట్టు కూడా పదింటిలో ఆరు మాత్రమే గెలిచినట్టు. ప్లేఆఫ్ స్థాయి ప్రత్యర్థిపై ఆ జట్టుకు ఒక్కో మ్యాచ్‌లో 55 శాతం గెలుపు అవకాశం ఉందనుకుందాం. అప్పుడు మూడు మ్యాచ్‌ల సిరీస్ గెలిచే అవకాశం 57 శాతం, ఐదైతే 59, ఏడైతే 61. సిరీస్‌ను పొడిగించి న్యాయం చేద్దామనుకునేవారు ఈ అంకెలు చూడాలి: నాలుగు మ్యాచ్‌లు అదనంగా ఆడించినా దక్కేది నాలుగు శాతమే. అదే ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఒక విజయం ముందే జమ చేస్తే అవకాశం 74 శాతానికి చేరుతుంది. పైగా ఆడవలసినవి గరిష్ఠంగా ఆరే, అంటే నేటి డివిజన్ సిరీస్ కంటే ఒక్కటే ఎక్కువ.

కాబట్టి నా చేతికిస్తే పన్నెండు జట్లనూ అలాగే ఉంచుతాను. ప్రతి లీగ్‌లో మొదటి రౌండ్ ఆడకుండా నేరుగా డివిజన్ సిరీస్‌కు వెళ్లే రెండు స్థానాలను డివిజన్ విజేతలకు రిజర్వు చేయకుండా విజయాల సంఖ్యను బట్టి ఇస్తాను, డివిజన్ సిరీస్‌ను ఏడు మ్యాచ్‌లది చేసి అందులో వారికి ఒక విజయం జమ చేస్తాను. 2021లో డాడ్జర్స్ 106 గెలిచినా, డివిజన్‌లో జెయింట్స్ 107 గెలిచినందున, ఒకే ఒక్క వైల్డ్ కార్డ్ మ్యాచ్ మీద సీజన్ మొత్తం పణంగా పెట్టవలసి వచ్చింది. ఆ మ్యాచ్ గెలిచారు కాబట్టి ఆ వింత ఎవరికీ గుర్తులేదు. రెండో స్థానానికీ మూడో స్థానానికీ నడుమ ఇంత తేడా పెడితే, ఇప్పటికే ప్లేఆఫ్ ఖాయమైన జట్టు కూడా సెప్టెంబరులో బంతి విసిరే ప్రధాన పిచర్‌కు విశ్రాంతి ఇవ్వడానికి ఆలోచిస్తుంది.

సీజన్ నిడివి విషయంలో నాకు పెద్ద ఆశ లేదు. 1961లో అమెరికన్ లీగ్, 1962లో నేషనల్ లీగ్ 154 నుంచి 162కు వెళ్లాయి. వెనక్కు రావడమంటే ప్రతి యజమానీ సొంత మైదానంలో నాలుగు రోజుల టికెట్ల ఆదాయాన్ని వదులుకోవాలి, ఆటగాళ్ల జీతాల్లో ఎవరు ఎంత తగ్గించుకోవాలో తేలాలి. యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ నడుమ ప్రస్తుత ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1న తీరుతుంది. ఆ ఒప్పందం కుదిరే వేళ యజమానులు పద్నాలుగు జట్ల ప్లేఆఫ్ అడిగితే బేరం పన్నెండు దగ్గర తెగింది. 84 విజయాలకే తలుపు తెరుచుకుంటే 95 విజయాల జట్టును కట్టడానికి యజమాని డబ్బెందుకు ఖర్చు పెడతాడన్నది ఆటగాళ్ల భయం. ఆ భయానికీ జమ విజయం కొంత మందు అవుతుంది, ఎందుకంటే 84కూ 95కూ మళ్లీ ధర తేడా వస్తుంది.

ప్రశ్నించినవారి స్పందన: అర్లింగ్టన్ పొరుగువాడు

మాస్టారి అంకెలు ప్రింటు తీసి పెట్టుకున్నాను. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ పద్ధతి 2023లోనే ఉండి ఉంటే, మా రేంజర్స్ బాల్టిమోర్‌లో అడుగు పెట్టేసరికే ఒక మ్యాచ్ వెనకబడి ఉండేది. ఆ సిరీస్‌లో మూడుకు మూడూ గెలిచారు గానీ, మాస్టారి పద్ధతిలో నాలుగోదీ గెలవాలి. మా జట్టు చరిత్రలోని ఏకైక కప్పును పణంగా పెట్టి న్యాయం అడుగుతున్నానన్నమాట.

పాత స్కోరుకార్డు గారు చెప్పిన చివరి రోజు లాంటిదే మాకూ ఒకటి ఉంది. 2023 అక్టోబరు 1న సియాటిల్‌లో 1-0తో ఓడి, హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో సమానంగా 90 విజయాలున్నా, ముఖాముఖి పోరులో వెనకబడినందున డివిజన్ పోగొట్టుకున్నాం. ఆ ఒక్క పరుగు వల్ల విశ్రాంతికి బదులు టాంపా బే మీదికి ప్రయాణం కట్టవలసి వచ్చింది. దాని ఖరీదు ఎంతో ఆనాడు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఆ తర్వాత పరాయి మైదానాల్లో ఆడిన పదకొండు మ్యాచ్‌లూ గెలిచేశారు. మొన్న రాత్రి మా వాడికి ఇదంతా చెప్పి, అదే ఓటమికి జపాన్ పద్ధతిలో ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చేదో కాగితం మీద గీసి చూపించాను. కాసేపు చూసి, "అయితే మంగళవారానివి కూడా రాసిపెట్టుకోవాలా?" అన్నాడు. ఈ ఏప్రిల్ నుంచి స్కోరుకార్డు వాడే నింపుతానంటున్నాడు.