జగ్లింగ్ అనే మాటను తెలుగులో ఎక్కడ ఎలా రాయాలి?

ప్రశ్న (కావలి అనువాదకుడు):
ఉద్యోగినుల కోసం తయారైన ఒక శిక్షణ పుస్తకాన్ని ఇంగ్లిషు నుంచి తెలుగులోకి మారుస్తున్నాను. అందులో జగ్లింగ్ అనే మాట మూడు సందర్భాల్లో వచ్చింది. ఒకచోట సర్కస్ కళాకారుడు బంతులు ఎగరేస్తాడు, మరోచోట ఒక నర్సు రాత్రి డ్యూటీని, పిల్లల చదువును, అత్తగారి వైద్యాన్ని జగ్లింగ్ చేస్తుంది, ఇంకోచోట ఒక గుమాస్తా లెక్కలను జగ్లింగ్ చేసి యజమానిని మోసగిస్తాడు. నిఘంటువులో చూస్తే గారడీ అని ఉంది. నర్సు గారడీ చేస్తోందని రాస్తే అర్థం తలకిందులవుతుంది కదా. మూడింటికీ ఒదిగే మాట ఏదైనా ఉందా, లేక దేనికది విడిగా రాయవలసిందేనా?

జవాబు (ఒంగోలు, విశ్రాంత ఇంగ్లిషు అధ్యాపకుడు):
విడిగానే రాయండి. ఆ మాట మూలం లాటిన్‌లో హాస్యమాడటం అనే అర్థమున్న క్రియ. జోక్ అనే మాట కూడా ఆ కుదురు నుంచే వచ్చింది. పాత ఫ్రెంచి ద్వారా ఇంగ్లిషులోకి చేరాక, అది చాలాకాలం వినోదం పంచేవారికి, కనికట్టు చేసేవారికి, మోసగాళ్లకు కూడా వర్తించింది. బంతులు ఎగరేయడం అనే అర్థం ముందుకు వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి మన నిఘంటువులు గారడీ అని ఇవ్వడం తప్పు కాదు, అవి పాత అర్థాన్ని పట్టుకున్నాయంతే. మీ గుమాస్తాకు అదే సరిగ్గా అతుకుతుంది. బడ్జెట్ రోజుల్లో పత్రికలు అంకెల గారడీ అని రాస్తూనే ఉంటాయి.

బంతుల విషయం వేరు. గారడీ అంతా దాచిపెట్టడం మీద నడుస్తుంది, బంతులాటలో దాపరికమన్నదే లేదు. ఈజిప్టులోని బెని హసన్ సమాధి గోడ మీద, దాదాపు 4000 ఏళ్ల కిందట, బంతులు ఎగరేస్తున్న స్త్రీలను చిత్రించారు. వారిని గారడీవారు అనడానికి నాకు మనసొప్పదు.

జవాబు (నెల్లూరు, వ్యాయామ ఉపాధ్యాయుడు):
పిల్లలకు మూడు బంతులతో ఈ ఆట నేర్పుతుంటాను కనుక నర్సు వాక్యం గురించి ఒక మాట చెబుతాను. చాలామంది దీన్ని ఒకేసారి అన్ని పనులు చేయడం అని రాస్తారు, అది ఆటకే విరుద్ధం. కుడిచేతి బంతిని కంటి ఎత్తుకు ఎడమవైపు విసిరి, అది పైకి చేరి కిందికి తిరగబోయే క్షణంలో ఎడమచేతి బంతిని దాని లోపలి నుంచి కుడివైపుకు వదలాలి. కొత్తగా నేర్చుకునేవాడు ఆ క్షణం దాకా ఆగలేక రెండో బంతిని పైకి విసరకుండా పక్క చేతికి అందించేస్తాడు, ఆట అక్కడే ఆగిపోతుంది. ఏ చెయ్యి అయినా ఒక సమయంలో ఒక బంతినే పట్టి వదులుతుంది, మిగిలినవి గాలిలో తమ వంతు కోసం ఉంటాయి. మన అచ్చనగాయల్లోనూ చూపు, చేయి ఇలాగే కలవాలి కానీ అక్కడ మిగతా రాళ్లు నేల మీద నిలకడగా ఉంటాయి.

క్లాడ్ షానన్ అనే గణితవేత్త దీనికి ఒక సూత్రమే కట్టాడు. బంతి గాలిలో ఉండే కాలానికి చేతిలో ఉండే కాలాన్ని కలిపి చేతుల సంఖ్యతో గుణిస్తే వచ్చేది, చెయ్యి ఖాళీగా ఉండే కాలానికి బంతి చేతిలో ఉండే కాలాన్ని కలిపి బంతుల సంఖ్యతో గుణించిన దానికి సమానం. బంతులు పెరిగితే ఎత్తుగానైనా విసరాలి, చేతులను త్వరగానైనా ఖాళీ చేసుకోవాలి. ఆ నర్సు పరిస్థితీ అదే.

మనవారు ఇలాంటి చోట అష్టావధానం చేస్తోంది అంటారు. అవధాని కూడా ఒక్కొక్క పృచ్ఛకుడికి (ప్రశ్న వేసేవారికి) ఒక్కొక్క పద్యపాదం చొప్పున చెబుతూ నాలుగు ఆవృత్తాలు తిరుగుతాడు కనుక, పోలిక బాగానే కుదురుతుంది.

జవాబు (కందుకూరు, బ్యాంకు ఉద్యోగి):
మీ పుస్తకంలో లేని వాడుక ఇంకొకటి ఉంది, డబ్బును జగ్లింగ్ చేయడం. మా ప్రాంతపు పొగాకు రైతు వేలం డబ్బు చేతికి రాకముందే బంగారు రుణం గడువు ముంచుకొస్తే, తెలిసినవారి దగ్గర ఒక్కరోజుకు చేబదులు తెచ్చి పొద్దున్నే బాకీ కట్టి, అవే నగలను మళ్లీ తూకం వేయించి మధ్యాహ్నానికి కొత్త రుణం తీసుకుని ఆ చేబదులు తీర్చేస్తాడు. దీన్ని ఇక్కడ రొటేషన్ అంటారు, ఇంకా తేలిగ్గా ఇక్కడ తీసి అక్కడ కట్టడం అంటారు. ఇందులో మోసం లేదు కాబట్టి దీన్ని గుమాస్తా గారడీతో కలపవద్దని మనవి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అష్టావధానం నోటిమాటగా బాగుంది కానీ, అందులో కొంచెం వేళాకోళం ధ్వనిస్తుంది; పుస్తకం ఆ నర్సు మీద గౌరవంతో మాట్లాడుతోంది. అందుకని "డ్యూటీ, పిల్లల చదువు, అత్తగారి వైద్యం, వేటి వేళకు వాటిని చూసుకుంటూ, ఏదీ చేజారకుండా నెట్టుకొస్తోంది" అని రాశాను. గుమాస్తాకు లెక్కల గారడీ ఖాయం. సర్కస్ దగ్గర జగ్లింగ్ అనే ఉంచి, బంతులను వరుసగా ఎగరేసి పట్టే విద్య అని అదే వాక్యంలో చేర్చాను.