బంగినపల్లి అమెరికాకు: 2022 సడలింపుతో అసలు ఏం మారింది?

జగిత్యాల_ఎఫ్‌పీవో:
అందరికీ నమస్కారం. 2021 నవంబరులో భారత్, అమెరికా వాణిజ్య విధాన వేదిక సమావేశమైంది కదా. ఆ తర్వాత 2022 జనవరిలో మన మామిడి, దానిమ్మలకు వాళ్లూ, వాళ్ల చెర్రీలు, అల్ఫాల్ఫా ఎండుగడ్డికి మనమూ దారి తెరిచేలా ఒప్పందం కుదిరింది. అమెరికాకు వెళ్లే కాయను పురుగు పోయేలా రేడియేషన్ కిరణాలతో శుద్ధి చేయాలన్న షరతు ఉంది కదా, మా రైతులు ఈ ఒప్పందాన్ని "ఇక కిరణాల గొడవ పోయింది, పెట్టెలో సర్ది విమానం ఎక్కించడమే" అని అర్థం చేసుకున్నారు. ఎగుమతిదారులను అడిగితే షరతులన్నీ పాతవే అంటున్నారు. ఎవరి మాట నిజం?

ఇంకో అనుమానం. ఐరోపాకు వేడినీళ్లలో ముంచితే చాలు అంటున్నారు, మెక్సికో కాయ కూడా అమెరికాకు వేడినీళ్లతోనే వెళ్తోందట. మనకు మాత్రం రేడియేషన్ ఎందుకు? సంఘంలో 20 ఎకరాల బంగినపల్లి ఒక చోట ఉంది. వచ్చే సీజన్‌కు పంపాలంటే ఇప్పటి నుంచే ఏం చేసుకోవాలి, ఎక్కడ దెబ్బతింటామో తెలిసినవాళ్లు చెప్పండి.

క్వారంటైన్_కబుర్లు:
ఎగుమతిదారులు చెప్పిందే నిజమండీ. పండుకు చేయాల్సిన శుద్ధి అంతా అలాగే ఉంది. పక్కన నిలబడి చూసి సంతకం పెట్టే బాధ్యత ఎవరిది అన్న దగ్గరే సడలింపు వచ్చింది.

వెనక్కి వెళ్తే సంగతి తేటగా తెలుస్తుంది. 2006 మార్చిలో బుష్ పర్యటనప్పుడు మాట కుదిరింది. 2007 మార్చిలో అమెరికా వ్యవసాయ శాఖ కింది ఏఫిస్ సంస్థ నిబంధన ఇచ్చింది, ఏప్రిల్‌లో తొలి పెట్టెలు వెళ్లాయి. ఆ నిబంధన ప్రకారం తనిఖీ ఇక్కడే, ఓడో విమానమో ఎక్కకముందే జరగాలి. అందుకోసం అమెరికా ఇన్‌స్పెక్టర్ ప్రతి సీజన్‌కూ ఇక్కడికి వచ్చి కూర్చోవాలి, ఆ ఖర్చు మన పక్షానిదే. 2020లో కోవిడ్‌తో ఆ ఇన్‌స్పెక్టర్ రాలేకపోయాడు. తోటలో కాయ, శుద్ధి కేంద్రంలో యంత్రం, అక్కడ కొనేవాళ్లు అందరూ ఉన్నా ఎగుమతి ఆగిపోయింది. 2019-20లో 1,095 టన్నులు వెళ్లిన దేశానికి 2021 సీజన్‌లోనూ దారి మూతే. 2022 ఒప్పందంతో ఈ పర్యవేక్షణను దశలవారీగా మన మొక్కల క్వారంటైన్ అధికారులకు అప్పగించడానికి అమెరికా ఒప్పుకుంది. ఆ ఏడాది 813 టన్నులు, 2023-24 తొలి అయిదు నెలల్లోనే 2,043 టన్నులు వెళ్లాయి. ఒక్క మనిషి రాక మీద వేలాడే వ్యాపారం ఆ మెడ మీది కత్తి నుంచి కొంత బయటపడింది. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. కానీ మీ రైతులు అనుకుంటున్నది మాత్రం ఇది కాదు.

ఇక రేడియేషన్ ఎందుకంటే, టెంక పురుగు వల్ల. పండు ఈగ పిల్లపురుగులు గుజ్జులో ఉంటాయి. కాయను వేడి చేస్తే చస్తాయి. ఐరోపాకు 48 డిగ్రీల నీటిలో 60 నిమిషాలు, జపాన్‌కు 47.5 డిగ్రీల ఆవిరిలో 20 నిమిషాలు అన్నది అందుకే. ఐరోపా 2014 మే 1 నుంచి మన మామిడిని ఆపి, 2015 జనవరిలో మళ్లీ తెరిచిందీ పండు ఈగ విషయంలోనే. మెక్సికో కాయను బరువును బట్టి 65 నుంచి 110 నిమిషాలు 46.1 డిగ్రీల నీటిలో ఉంచి అమెరికాకు పంపుతారు. వాళ్ల బెడద కూడా పండు ఈగే. మన దగ్గర అదనంగా టెంక పురుగు ఉంది. అది టెంక లోపల, గింజలో కూర్చుంటుంది. అక్కడిదాకా వేడి ఎక్కించాలంటే ముందు గుజ్జు ఉడికిపోతుంది. కిరణాలకు టెంక అడ్డం కాదు.

ప్యాక్‌హౌస్_నోట్స్:
పై మాటకు ఒక కొనసాగింపు. ఇది తెలియక చాలామంది కాగితాలను తేలిగ్గా తీసుకుంటారు.

అమెరికాకు కనీస మోతాదు 400 గ్రే (కాయకు తగిలే కిరణాల మోతాదును గ్రేలలో కొలుస్తారు). సీతాకోకచిలుకల జాతి ప్యూపాలు (గూటి దశ), ఎదిగిన పురుగులు మినహా అన్ని కీటకాలకూ ఇదే మోతాదు సరిపోతుందని 2006లో ఏఫిస్ అంగీకరించింది. అయితే ఈ మోతాదు పురుగును అక్కడికక్కడే చంపాలని లేదు. అది ఎదగకుండా, సంతానం పెట్టకుండా చేస్తే చాలు. అంటే శుద్ధి సవ్యంగా జరిగిన కాయను లాస్ ఏంజెలెస్‌లో కోసినా లోపల బతికున్న పురుగు కనిపించవచ్చు. కాయ రంగు, వాసన, రుచి చూసి కిరణాలు తగిలాయో లేదో ఎవరూ చెప్పలేరు. అక్కడి అధికారి చేతిలో ఉన్న ఏకైక సాక్ష్యం మోతాదు వివరాలతో వచ్చే కాగితమే. కాయ ఎంత బాగున్నా ఆ కాగితంలో తప్పుంటే అది శుద్ధి కాని సరుకుతో సమానం.

మోతాదుకు పై హద్దు కూడా ఉంది. తాజా పండ్లకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1,000 గ్రే దాటనివ్వదు. పెట్టెల దొంతరలో బయటి కాయకు ఎక్కువ, నడిమి కాయకు తక్కువ మోతాదు తగులుతుంది. నడుమ 400కు తగ్గకూడదు, అంచున 1,000 దాటకూడదు కాబట్టి ఎక్కువ, తక్కువల నిష్పత్తి రెండున్నర లోపే ఉండాలి. అందుకే శుద్ధి కేంద్రం వాళ్లు మీ పెట్టె కొలత, బరువు, పేర్చే తీరు ముందుగానే అడుగుతారు. దానితోనే మోతాదు పటం గీస్తారు. సీజన్ మధ్యలో చవకగా దొరికిందని వేరే అట్టపెట్టె తెచ్చినా, 3.5 కిలోల పెట్టెలో ఒక కాయ అదనంగా కుక్కినా ఆ పటం పనికిరాదు, మళ్లీ కొలవాలి. బంగినపల్లి పెద్దకాయ కనుక 350 నుంచి 400 గ్రాముల సైజు అయితే పెట్టెకు 9 లేదా 10 వస్తాయి. ఒక్కో లాట్‌కు ఒకే సైజు పెట్టుకోండి.

తోట పని విషయానికి వస్తే, కిరణాలు పురుగుకే మందు, తెగులుకు కాదు. మచ్చ తెగులు, బాక్టీరియా మచ్చ, తొడిమ కుళ్లు ఉన్న కాయ తనిఖీలో బయటికి పోతుంది, లేదా దారిలో కుళ్లుతుంది. కాబట్టి:

చెట్టు కింద రాలిన కాయలు, పాత టెంకలు ఏరి పాతిపెట్టాలి. టెంక పురుగు ఒక సీజన్ నుంచి ఇంకో సీజన్‌కు తోటలోనే దాక్కుంటుంది. కాయ నిమ్మకాయ సైజు దాటాక కవర్లు కడితే పండు ఈగ కాటు, మచ్చలు, సొన మరకలు అన్నీ తగ్గుతాయి. కూలి ఖర్చే, కానీ అమెరికా గ్రేడ్‌కు నిలిచే కాయల శాతం దీంతోనే పెరుగుతుంది. పండు ఈగలను ఆకర్షించే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు ఎకరాకు 8 నుంచి 10 పెట్టండి. పక్కతోట వాళ్లూ పెట్టకపోతే ఫలితం సగమే.

కోతలో చేసే తప్పులే ఎక్కువ. భుజాలు నిండి, నీళ్లలో వేస్తే మునిగే కాయనే కోయాలి. లేతకాయకు కిరణాలు తగిలితే ముడుచుకుపోతుంది గానీ సరిగా మాగదు. మాగడం మొదలైన కాయ మెత్తబడుతుంది. తొడిమ నాలుగైదు సెంటీమీటర్లు ఉంచి చిక్కంతో దించండి, నేల మీద వేయొద్దు. ప్యాక్‌హౌస్‌లో తొడిమ పొట్టిగా కత్తిరించి, కాయను బోర్లా నిలబెట్టి సొన పూర్తిగా కారనివ్వాలి. తర్వాత కడిగి, 52 డిగ్రీల నీటిలో 3 నుంచి 5 నిమిషాలు ముంచి, ఆరబెట్టాలి. ఇది తెగులు కోసం. ఐరోపా వాళ్ల 60 నిమిషాల శుద్ధితో దీన్ని కలపకండి. తడి ఆరకుండా పెట్టెలో పెడితే చర్మం మీది సన్న రంధ్రాలు నల్లబడతాయి. కిరణాల తర్వాత ఆ చుక్కలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నిల్వ 12, 13 డిగ్రీల దగ్గర. 10 డిగ్రీల లోపుకు దించితే చలిదెబ్బ తగిలి తొక్క బూడిదరంగుకు తిరుగుతుంది.

డాక్యుమెంట్_డెస్క్:
కాగితాల సంగతి నేను చెబుతా. ప్యాక్‌హౌస్ వారు అన్న మాటకు 2025 మే నెలే నిదర్శనం. నవీ ముంబైలో 8, 9 తేదీల్లో శుద్ధి చేసిన దాదాపు 15 కన్‌సైన్‌మెంట్లను లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో, అట్లాంటా విమానాశ్రయాల్లో ఆపేశారు. శుద్ధి, తనిఖీ సరిగా జరిగాయని చెప్పే పీపీక్యూ 203 ఫారం సరిగా జారీ కాలేదన్నది అమెరికా అధికారుల అభ్యంతరం. వెనక్కి పంపుతారా, అక్కడే నాశనం చేస్తారా అని అడిగారు. మామిడిని విమాన కిరాయి పెట్టి వెనక్కి తెచ్చేవాళ్లు ఎవరుంటారు, అక్కడే పారేశారు. ఎగుమతిదారులకు సుమారు 5 లక్షల డాలర్ల నష్టం అని వార్తలొచ్చాయి. పురుగు దొరికినందుకు కాదు, కాగితం వల్లే.

అందుకే విమానం ఎక్కేముందు మీ మనిషి ఒకరు ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి: పెట్టె మీది లాట్ నంబరు, తోట నమోదు నంబరు, శుద్ధి తేదీ, పెట్టెల సంఖ్య, నికర బరువు. ఫైటోశానిటరీ ధ్రువపత్రం (సరుకులో చీడపీడలు లేవనే పత్రం), పీపీక్యూ 203, ఇన్‌వాయిస్, ఎయిర్‌వే బిల్లు (విమాన రవాణా పత్రం) నాలుగింటిలోనూ ఇవి ఒకేలా ఉండాలి. ఒక పెట్టె దెబ్బతిని తీసేస్తే ఒకదాంట్లో 399, ఇంకోదాంట్లో 400 ఉండిపోతుంది. ఇలాంటిది ఇక్కడ దిద్దితే పది నిమిషాల పని, అక్కడ దిద్దడం కుదరదు.

ముందస్తు పనులు. ఎగుమతి చేసే సంస్థకు ఐఈసీ (ఎగుమతి, దిగుమతుల కోడ్ నంబరు), అపెడా (కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ ఎగుమతుల సంస్థ) సభ్యత్వం ఉండాలి. తోటను ఉద్యాన శాఖ ద్వారా అపెడా వాళ్ల ఆన్‌లైన్ తోటల నమోదు వ్యవస్థ మ్యాంగోనెట్‌లో నమోదు చేయించండి. రైతు పేరు, సర్వే నంబరు పాస్‌పుస్తకంతో కలవకపోతే అక్కడే ఆగుతుంది. కౌలుతోట అయితే ఒప్పందం కాగితం ముందే రాయించుకోండి. పూత దశకే ఇది అయిపోవాలి, ఎందుకంటే పిచికారీల రికార్డు అప్పటి నుంచే అడుగుతారు.

మందుల అవశేషాల దగ్గర అమెరికా లెక్క వేరు. ఐరోపాలో పరిమితి ప్రత్యేకంగా పెట్టని మందుకు 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.01 భాగం) అనే సాధారణ హద్దు ఉంటుంది. అమెరికాలో ఆ పంటకు ఆ మందుకు టాలరెన్స్ (అనుమతించిన పరిమితి) లేకపోతే, కనిపించిన ఏ మోతాదైనా ఉల్లంఘనే. తేనెమంచు పురుగుకు పక్కరైతు కొడుతున్నాడని మోనోక్రోటోఫాస్ కొడితే ఆ తోట కాయను ఆ ఏడాది అమెరికా జాబితాలో నుంచి తీసేయండి, దాని మీద ఖర్చు పెట్టకండి.

అక్కడి పక్షాన ఆహార, ఔషధ సంస్థలో ప్యాక్‌హౌస్ నమోదు కావాలి. సరి సంఖ్య ఏడాదిలో అక్టోబరు నుంచి డిసెంబరు లోపు దాన్ని పునరుద్ధరించాలి. మామిడి సీజన్ మేలో కనుక ఈ గడువును చాలామంది మరిచిపోతారు. అమెరికాలో ఒక ఏజెంటు పేరు కూడా ఇవ్వాలి. విమానం దిగడానికి కనీసం 4 గంటల ముందు ఆ సంస్థకు ప్రయర్ నోటీసు (సరుకు వస్తోందన్న ముందస్తు సమాచారం) వెళ్లాలి. చిల్లరగా అమ్మే పెట్టె మీద రడూరా (కిరణాల శుద్ధిని సూచించే) గుర్తు, "ట్రీటెడ్ విత్ రేడియేషన్" లేదా "ట్రీటెడ్ బై ఇర్రేడియేషన్" అన్న మాట తప్పనిసరి. పెట్టెలు పేర్చే చెక్క ప్యాలెట్ వాడితే దాని మీద ఐఎస్‌పీఎం 15 (చెక్కలో పురుగు లేకుండా శుద్ధి చేయాలనే అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర చూడండి. ముద్రలో హెచ్‌టీ అని ఉంటే చెక్క నడుమ 56 డిగ్రీలు 30 నిమిషాలు వేడి తగిలిందని అర్థం. మామిడి అంతా సరిగ్గా ఉండి ప్యాలెట్ దగ్గర ఆగిపోవడం కన్నా బాధ ఇంకోటి లేదు.

జగిత్యాల_ఎఫ్‌పీవో:
ముగ్గురికీ ధన్యవాదాలు. ఇప్పుడు సరిగ్గా అర్థమైంది. మరి శుద్ధి ఎక్కడ చేయించాలి? మన రాష్ట్రాల్లో కుదరదా?

క్వారంటైన్_కబుర్లు:
2022 ఒప్పందం నాటికి ఏఫిస్ ఆమోదం ఉన్నవి నవీ ముంబైలోని వాషీ, నాసిక్, బెంగళూరు, అహ్మదాబాద్ కేంద్రాలు. గామా యంత్రం ఉన్నంత మాత్రాన సరిపోదు. మసాలా దినుసులకు, వైద్య పరికరాలకు వాడే కేంద్రంలో మామిడిని శుద్ధి చేసినా అమెరికా లెక్కలోకి రాదు. సీజన్ ముందు ఆ ఏటి ఆమోద జాబితాను అపెడా ద్వారా సరిచూసుకోండి.

దూరం చూస్తే మీకు నాసిక్ దగ్గర. బెంగళూరు అయితే జగిత్యాల నుంచి దాదాపు 750 కిలోమీటర్లు, చల్లని లారీలో ఒక రోజు. లారీ ఎక్కించే ముందే కాయను 13 డిగ్రీలకు దించాలి. లారీలోని ఏసీ చల్లబడిన కాయను కాపాడగలదు గానీ వేడికాయను చల్లార్చలేదు. కేంద్రంలో స్లాట్ ముందే ఖాయం చేసుకుని, దానికి 36 గంటల ముందు కోత పెట్టండి. కోసి స్లాట్ కోసం తిరగడం మొదలుపెడితే రెండో రోజుకే కాయ రంగు తిరుగుతుంది. శుద్ధి అయిన పెట్టెలు శుద్ధి కానివాటితో ఒకే గదిలో ఉండకూడదు, గాలి రంధ్రాలకు సన్నని జాలి ఉండాలి.

ధర మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. తోట దగ్గరి కిలో ధర కన్నా విమాన కిరాయే ఎక్కువ పడుతుంది. 20 ఎకరాల్లో అమెరికా గ్రేడ్‌కు నిలిచేది కొంత భాగమే. మిగతా కాయకు హైదరాబాద్ మార్కెట్‌లోనో, గల్ఫ్ కొనుగోలుదారుతోనో ముందే మాట చేసుకోకుండా దీంట్లోకి దిగొద్దు. మొదటి ఏడాది ఎవరైనా పాత ఎగుమతిదారుకు కాయ ఇచ్చి, వాళ్ల లాట్‌తో పాటు మీ మనిషిని కేంద్రానికి పంపి పని చూడనివ్వండి.

ప్యాక్‌హౌస్_నోట్స్:
ఓడ గురించి ఒక ముక్క. 2022 జూన్‌లో కేసర్ రకాన్ని శుద్ధి చేసి సముద్రమార్గంలో అమెరికాకు ప్రయోగంగా పంపారు, సుమారు 25 రోజుల ప్రయాణం. కిరాయి బాగా తగ్గుతుంది. కానీ అన్ని రోజులు నిలవాలంటే కంటెయినర్‌లో గాలి మిశ్రమాన్ని కూడా అదుపులో ఉంచాలి. బంగినపల్లికి అది ఒక్కో తోట కాయతో విడిగా పరీక్షించుకోవాల్సిన విషయం. దానిమ్మకు ఈ దారి సులువు, తొక్క గట్టిది. అనంతపురం వైపు సంఘాలు ఆ పంట మీద దృష్టి పెట్టడం మేలు.

డాక్యుమెంట్_డెస్క్:
ఇంకో చిన్న మాట. డాలస్‌లో పిల్లలున్నారని సూట్‌కేసులో నాలుగు కాయలు పెట్టుకెళ్లేవాళ్లకు ఈ సడలింపు వర్తించదు. ఇదంతా శుద్ధి అయి, ధ్రువపత్రంతో వెళ్లే వ్యాపార సరుకుకే. విమానాశ్రయంలో చెప్పకుండా తీసుకెళ్తే కాయా పోతుంది, జరిమానా కూడా పడుతుంది. మీ రైతుల్లో ఎవరైనా ఈ వేసవికి వెళ్తుంటే ముందే చెప్పండి.