ఒకే బిల్డింగ్‌లో మూడు గవర్నమెంట్ హైస్కూళ్లు, ల్యాబ్ ఒక్కటే. ఎలా పంచుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది బెంగళూరు, మా అమ్మాయి గవర్నమెంట్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. కన్నడ, తెలుగు, ఉర్దూ మీడియం స్కూళ్లు మూడూ ఒకే బిల్డింగ్‌లో నడుస్తాయి, హెడ్‌మాస్టర్లు ముగ్గురు, ఎస్‌డీఎంసీలు (స్కూల్ అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీలు) మూడు, సైన్స్ ల్యాబ్ మాత్రం ఒక్కటే. దాని తాళంచెవి కింది అంతస్తు స్కూల్ వాళ్ల బీరువాలో ఉంటుంది. మొన్న వెళ్లి చూస్తే టెస్ట్‌ట్యూబుల స్టాండు మీద వేలితో పేరు రాసేంత దుమ్ము. మా పిల్ల ఇంతవరకు లిట్మస్ కాగితం రంగు మారడం కళ్లారా చూడలేదు, వచ్చే ఏడాది ఎస్‌ఎస్‌ఎల్‌సీ (పదో తరగతి పబ్లిక్ పరీక్ష) అంటే నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

టీచర్లను తప్పుపట్టను, బాగానే చెప్తారు, కానీ ముగ్గురు హెడ్‌మాస్టర్లూ కలిసి కూర్చునే ఏర్పాటే లేదు. న్యూయార్క్‌లో పెద్ద హైస్కూళ్లను చిన్న చిన్న స్కూళ్లుగా విడగొట్టి అదే బిల్డింగ్‌లో ఉంచారు కదా, అక్కడ జూలియా రిచ్‌మన్ కాంప్లెక్స్‌లో ప్రిన్సిపాళ్లంతా ఒక కౌన్సిల్‌గా కూర్చుని ఉమ్మడి విషయాలు తేల్చుకుంటారు. మనకూ అలాంటిదే కావాలి.

మీలో ఎవరైనా ఇలా మూడు ఎస్‌డీఎంసీలనూ ఒకచోట కూర్చోబెట్టారా? నేరుగా బీఈఓకి (బ్లాక్ విద్యాధికారికి) ఉమ్మడి అర్జీ పెట్టాలా, లేక ముందు హెడ్‌మాస్టర్లతోనే మాట్లాడి ల్యాబ్‌కి వారం టైమ్‌టేబుల్ రాయించుకోవాలా? కన్నడలో అర్జీ నమూనా ఉంటే దయచేసి పెట్టండి.