నెలాఖరుకి రిటైర్మెంట్: నెలకి వెయ్యి తీసుకోనా, 78,000 కట్టి సీజీహెచ్ఎస్ కార్డు తీసుకోనా?

గోపాలపట్నం_పోస్టు అడిగినది:

అందరికీ నమస్కారం. పోస్టల్‌లో 36 ఏళ్ల సర్వీసు, ఈ నెల 31న దిగిపోతున్నాను. లెవెల్ 7, బేసిక్ 68,000. ఆఖరి ఆరేళ్లూ నర్సీపట్నం వైపు ఒక సబ్ ఆఫీసులో చేశాను. ఆఫీసు పైనే క్వార్టర్స్. ఇప్పుడు సామాను సర్దుకుని గోపాలపట్నంలో సొంతింటికి వచ్చేస్తున్నాం.

ఇన్నాళ్లూ మాకు సీఎస్ఎంఏ రూల్సే, అంటే సర్వీసులో ఉన్నవాళ్ల వైద్య ఖర్చుల రూల్సు. జేబులోంచి కట్టడం, బిల్లులు పెట్టుకోవడం, కోతలు పడి వచ్చినదానికి సంతోషించడం. రిటైరైతే అది కూడా ఆగిపోతుందని మొన్న పెన్షన్ కాగితాలు నింపుతుంటే తెలిసింది. ఆ మీదట సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి, పెన్షనర్లకి ఉన్న వైద్య పథకం) కార్డు జీవితాంతానికి కావాలంటే 78,000 కట్టాలట. మా ఆవిడకి పధ్నాలుగేళ్లుగా షుగరు, ఇన్సులిన్ మీద ఉంది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, మార్పించాలంటున్నారు. ప్రైవేటు పాలసీ అడిగితే ప్రీమియం సంగతి అలా ఉంచండి, మోకాళ్లకి రెండేళ్లు ఆగాలన్నారు. ఆవిడ ఇప్పుడే మెట్లు ఎక్కలేకపోతోంది.

మా కొలీగ్ ఒకాయన వేరే దారి చెప్పాడు. వేపాడ మండలంలో మా ఊరి అడ్రసు ఇచ్చేస్తే నెలకి వెయ్యి ఫిక్సెడ్ మెడికల్ అలవెన్స్ (ఎఫ్ఎంఏ) పెన్షన్‌తో పాటే పడుతుంది, ఊరికే 78,000 ఎందుకు పోస్తావు అన్నాడు. పాత మనియార్డరు ఫారం వెనకాల లెక్కేశాను. ఏడాదికి 12,000 వస్తుంది, అటు 78,000 పోతుంది. మొత్తం తేడా చూసి రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకొకటి. అమ్మకి 84, మాతోనే ఉంటుంది. ఆమె పేరున రెండెకరాల కౌలు ఏడాదికి నలభై వేలు వస్తుంది. ఆమెని కార్డులో పెట్టొచ్చా?

సీతమ్మధార_ఆడిటర్:

మాస్టారూ, ముందు ఆ కొలీగ్ మాట పక్కన పెట్టండి. ఎఫ్ఎంఏ అన్నది సీజీహెచ్ఎస్ లేని చోట నివసించేవాళ్లకి. మీరు గోపాలపట్నంలో కాపురం ఉంటూ ఊరి అడ్రసు ఇస్తే అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. నా ఉద్యోగమంతా ఇలాంటి కాగితాలు పట్టుకోవడమే కాబట్టి చెప్తున్నాను.

నిజంగా ఊళ్లోనే ఉంటే మాత్రం మూడు దారులు ఉన్నాయి. ఒట్టి ఎఫ్ఎంఏ ఒకటి. దగ్గర్లోని సీజీహెచ్ఎస్ ఊళ్లో కార్డు తీసుకుని ఓపీ, అడ్మిషన్ రెండూ అక్కడే చూపించుకోవడం ఒకటి. కార్డుకి డబ్బు కట్టి దాన్ని అడ్మిషన్‌కి మాత్రం ఉంచుకుని, ఓపీకి నెలకి వెయ్యి తీసుకోవడం ఇంకొకటి. ఒట్టి ఎఫ్ఎంఏ వాళ్లు హాస్పిటల్లో చేరితే ఒక్క రూపాయి రాదు. జనం ఈ ముక్కే మర్చిపోతారు. వెయ్యి రూపాయలు మీ ఆవిడ ఇన్సులిన్‌కి సరిపోతాయా, చెప్పండి.

ఇక 78,000 సంగతి. లెవెల్ 7 నుంచి 11 దాకా నెలకి 650. ఏడాదికేడాది 7,800 కట్టుకోవచ్చు, లేదా పదేళ్లది ఒకేసారి కట్టి జీవితాంతం కార్డు తీసుకోవచ్చు. నేను 2015లో హైదరాబాద్‌లో రిటైరయ్యాను, గ్రేడ్ పే 4,600, అంటే ఇప్పటి లెవెల్ 7. అప్పుడు నెలకి 325 కాబట్టి 39,000 కట్టాను. మా ఆవిడ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, ఆ డబ్బు ఎఫ్‌డీలో వేయమంది. 2017 ఫిబ్రవరిలో రేటు 650 అయింది. ఏడాదికేడాది కట్టే మా స్నేహితుడు పెంచిన రేటు కట్టాడు. నన్ను మళ్లీ పైసా అడగలేదు. ఎనిమిదో పే కమిషన్ తర్వాత ఈ రేట్లు ఏమవుతాయో మీరే ఊహించుకోండి. గ్రాట్యుటీ చేతిలో ఉన్నప్పుడే కట్టేయండి.

సీజీహెచ్ఎస్‌లో పాత జబ్బులని వెయిటింగ్ ఉండదు, మెడికల్ టెస్ట్ ఉండదు. కార్డు వచ్చాక వెల్‌నెస్ సెంటర్ (సీజీహెచ్ఎస్ డిస్పెన్సరీ) డాక్టర్‌కి మోకాళ్లు చూపించి రెఫరల్ తీసుకోవచ్చు. పెన్షనర్లకి ప్యానెల్ ఆసుపత్రుల్లో, అంటే స్కీముతో ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో, క్యాష్‌లెస్. మీ బేసిక్ 50,500 దాటింది కాబట్టి ప్రైవేటు వార్డుకి అర్హులే.

అమ్మగారిని పెట్టొచ్చు. ఆదాయం నెలకి 9,000, దాని మీద డీఏ, ఆ లోపు ఉండాలి. కౌలు నెలకి మూడున్నర వేలు కూడా పడదు కదా. డెబ్భై దాటినవాళ్లు 2024 నుంచి ప్యానెల్ ఆసుపత్రి స్పెషలిస్టుకి రెఫరల్ లేకుండా నేరుగా చూపించుకోవచ్చు. ఆమెని పొద్దున్నే క్యూలో కూర్చోబెట్టే పని తప్పుతుంది.

అంతా బంగారం అనుకోకండి. మూడేళ్ల కిందట విశాఖ వచ్చి కార్డు ఇక్కడికి మార్పించుకున్నాను. వెల్‌నెస్ సెంటర్‌లో నా బీపీ మాత్ర స్టాకు లేకపోతే ఇండెంట్ పెడతారు, మళ్లీ ఒక రోజు వెళ్లి తెచ్చుకోవాలి. మొన్న రాత్రి ఒక పెద్ద ఆసుపత్రిలో కార్డు చూడగానే బెడ్లు ఖాళీ లేవన్నారు. నా వెనకే వచ్చినాయన డబ్బు కడతానంటే ఐదు నిమిషాల్లో దొరికింది. మేం ఆటో ఎక్కి ఇంకో ప్యానెల్ ఆసుపత్రికి పోయాం, అక్కడ చేర్చుకున్నారు. ఎమర్జెన్సీకి రెఫరల్ అక్కర్లేదని తెలిసి ఉండబట్టి వాదించకుండా వెళ్లగలిగాను.

కంచరపాలెం_రైల్వే:

మా రైల్వే వాళ్లది వేరు బాబూ. మాకు ఆర్ఈఎల్‌హెచ్ఎస్ అని, రిటైరైన రైల్వే వాళ్ల వైద్య పథకం, రిటైరయ్యేటప్పుడు ఒక్కసారి కట్టేది. ఉమీద్ కార్డు ఇస్తారు, మన డివిజనల్ రైల్వే ఆసుపత్రిలో చూస్తారు. అందుకని స్కీము గురించి నేనేమీ చెప్పలేను.

ఒక్క మాట మాత్రం చెప్తాను, ఆడదాన్ని కాబట్టి. మా ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్, ఆ మీదట కార్డు నా పేరుకి మారాలి. పీపీఓలో (పెన్షన్ ఆర్డరులో) నా పేరు వెంకటలక్ష్మి, ఆధార్‌లో లక్ష్మి. ఇద్దరూ ఒక్కరేనని రుజువు చెయ్యడానికి ఐదు నెలలు తిరిగాను. కర్మ అయిన పదమూడో రోజు మొదలుపెట్టాను. ఆ ఐదు నెలలూ బీపీ మందులు బయట కొనుక్కున్నాను. మీ ఆవిడ పేరు సర్వీసు బుక్‌లో ఎలా ఉందో ఈరోజే చూడండి. రేపు కాదు.

సీతమ్మధార_ఆడిటర్:

రైల్వే అమ్మగారు చెప్పింది నేను రాసినదాని కంటే ముఖ్యం. సీజీహెచ్ఎస్‌లోనూ అంతే, పెన్షనర్ తర్వాత ఫ్యామిలీ పెన్షనర్‌కి కార్డు కొనసాగుతుంది, కాగితాలు కలిస్తే. పీపీఓ ఆలస్యమైతే ప్రొవిజనల్ పీపీఓతో కూడా అప్లై చేయొచ్చు, దాని కోసం కూర్చోకండి.

గోపాలపట్నం_పోస్టు:

అందరికీ దండాలు. 78,000 కట్టేస్తున్నాను, కొలీగ్‌కి కూడా చెప్పేశాను. ఆయన ఇంకా నన్ను అమాయకుడనే అనుకుంటున్నాడు.

రైల్వే అమ్మగారు చెప్పిన పని మధ్యాహ్నమే చేశాను. సర్వీసు బుక్ తీయించి చూస్తే మా ఆవిడ పేరు అప్పలనరసమ్మ అని ఉంది, పెళ్లైన కొత్తలో నా చేత్తో నేనే రాశాను. ఆధార్‌లో నర్సమ్మ. పుట్టిన సంవత్సరం కూడా రెండేళ్లు తేడా. ఆధార్ కౌంటర్ నా టేబుల్‌కి ఆరడుగుల దూరంలో ఉంది. ఎంతమంది పేర్లు దిద్దించానో లెక్క లేదు. రేపు ఆవిడని కిందికి దింపి, ఆ కౌంటర్ ముందు కుర్చీ వేయించి కూర్చోబెడతాను. మిగిలింది తొమ్మిది రోజులు.